ఒక్కరోజు కోర్డోబా, ఆరుగురు మనుషులు, అత్తగారి మోకాళ్లు

మ్యూనిక్ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను.

ఆమెకు నలభై దగ్గర పడుతున్నాయి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులే. పదిహేనేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల బాబు. నరసరావుపేట నుంచి అత్తమామలు ఏప్రిల్‌ చివర్లో షెంగెన్ వీసా మీద వచ్చారు. జూన్ మొదటి వారంలో పిల్లలకు పెంతెకొస్తు సెలవులు. ఆ సెలవుల్లో ఆరుగురూ స్పెయిన్ వెళ్తున్నారు. ముందు మాడ్రిడ్, తర్వాత సెవిల్. రెండింటికీ మధ్య రైలు దారిలోనే కోర్డోబా ఉంది. అక్కడ ఒక పూట దిగి, ఊరు చూసి, సాయంత్రం మళ్లీ రైలెక్కాలన్నది మామగారి కోరిక. ఆయన హైస్కూల్లో సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు. ఎప్పుడో ఒక పాత పుస్తకంలో చూసిన ఎరుపు తెలుపు కమానుల మసీదును కళ్లారా చూడాలని ఆయన ఆశ.

తండ్రి అడిగాడు కాబట్టి కొడుకు ఉత్సాహంగా ఎక్సెల్ షీట్ తయారు చేశాడు. ఉదయం పదిన్నరకు దిగడం, సాయంత్రం అయిదున్నరకు రైలు. ఆ ఏడు గంటల్లో తొమ్మిది చోట్లు చూడాలి: మెస్కీతా (మామగారు చూడాలనుకున్న ఆ మసీదే), దాని గంట గోపురం, రోమన్ వంతెన, వంతెన చివరి కలాఓర్రా బురుజు, అల్కాసర్ కోట, యూదుల పేట, అందులోని పాత సినగాగు (యూదుల ప్రార్థనాలయం), వియానా ప్యాలెస్, ఊరికి 8 కిలోమీటర్ల దూరంలో ఉన్న మదీనా అసహారా శిథిలాలు.

అత్తగారికి రెండు మోకాళ్లూ నొప్పే. మెట్లు కష్టం. మాంసం, గుడ్డు ముట్టరు. "నన్నెక్కడో ఒక చోట కూర్చోబెట్టి మీరు తిరిగిరండి" అంటున్నారు. పోయినసారి వచ్చినప్పుడు పారిస్‌లో సరిగ్గా అదే జరిగింది. "అరగంటలో వచ్చేస్తాం" అని చెప్పి ఆవిడను ఐఫిల్ టవర్ కింద బెంచీ మీద కూర్చోబెట్టారు. పైకి వెళ్లినవాళ్లు తిరిగి వచ్చేసరికి రెండు గంటలు దాటింది. ఆవిడ ఒక్క మాట అనలేదు. కానీ ఊరెళ్లాక బంధువుల నోట "కొడుకూ కోడలూ పారిస్ తీసుకెళ్లి బెంచీ మీద కూర్చోబెట్టారట" అన్న మాట తిరిగి తిరిగి ఈమె చెవిన పడింది. మాటలో కొడుకు కూడా ఉన్నాడు, తగిలింది మాత్రం కోడలికి.

ఇప్పుడు ఆమె అడుగుతున్నవి ఇవి. కోర్డోబా మానేద్దామని చెప్పనా? లేక వాళ్లంతా దిగితే, అత్తగారిని తీసుకుని నేను అదే రైల్లో నేరుగా సెవిల్ వెళ్లిపోనా? "ఇన్ని యూరోలు పోసి వెళ్తున్నాం, మళ్లీ వస్తామా" అనే మనిషికి గొడవ కాకుండా ఎలా చెప్పాలి? ఉత్తరం చివర చిన్న అక్షరాల్లో ఒక వాక్యం: "నాకు ఆ గంట గోపురం ఎక్కి ఊరంతా చూడాలని ఉంది. ఇంత గొడవలో ఇదొకటా అనిపించి ఎవరికీ చెప్పలేదు."

సమాధానం:

మీ ఉత్తరంలో కోర్డోబా కన్నా పారిస్ ఎక్కువ ఉందమ్మా. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

బెంచీ మీద కూర్చోవడం మీ అత్తగారికి కష్టమనిపించి ఉండదు. కూర్చుంటానని అడిగింది ఆవిడే. కష్టమైంది మిగతావి. చుట్టూ ఒక్క బోర్డూ చదవలేరు. బాత్రూమ్ ఎటో తెలియదు, తెలిసినా బ్యాగులు వదిలి వెళ్లలేరు. ఫోన్లో నెట్ ఉందో లేదో మీరు రాయలేదు, లేదనే అనుకుంటున్నాను. అరగంట అన్నవాళ్లు గంటయినా రాకపోతే పెద్దవాళ్ల మనసు ఎక్కడెక్కడికో పోతుంది. మాట్లాడటానికి తెలుగు మనిషి లేడు. బంధువుల దగ్గర ఆవిడ చెప్పుకుంది ఆ రెండు గంటల ఒంటరితనం గురించి అయివుంటుంది. అది నోరూ నోరూ మారి కోడలి మీద నేరమైంది.

ఇంకో సంగతి గమనించండి. ఆ రోజు ఆవిడ దగ్గర ఎవరో ఒకరు ఉండాల్సిందని ఇప్పుడు అందరికీ తోస్తోంది. ఆ ఎవరో ఒకరు మీరేనని కూడా అందరూ అనుకుంటున్నారు, మీతో సహా. మీవారి కొత్త షీట్‌లో ప్రతి గంటకూ ఒక చోటు పేరుంది. అత్తగారి పక్కన కూర్చునే మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు. రాయకపోతే ఆ పని తనంతట తాను మీ మీదికే వస్తుంది. అందుకే మీకు ఇప్పటి నుంచే టెన్షన్. ఆ ఒక్క వరస షీట్‌లో చేరిస్తే మీ ఇబ్బందుల్లో సగం అక్కడే తేలిపోతాయి.

ఇక మీరు ఆలోచిస్తున్న దారులు ఒక్కొక్కటే చూద్దాం.

కోర్డోబా మానేయడం సులువే. మాడ్రిడ్ నుంచి సెవిల్‌కు నేరుగా రెండున్నర గంటల్లో చేరిపోతారు. కానీ ఆ ఊరు అడిగింది మీ మామగారు. పిల్లల దగ్గరికి వచ్చి నెలయినా ఏదీ అడగని మనిషి అడిగింది అదొక్కటేనని మీరే రాశారు. మానేస్తే కారణం ఏం చెబుతారు? మోకాళ్లని చెబితే "నా వల్లే ఆయన చూడలేకపోయారు" అని మీ అత్తగారు చాలాకాలం బాధపడతారు. ఇంకేదో కారణం చెబితే ఎవరూ నమ్మరు. ఆవిడ గురించి బెంగపడి తీసుకునే ఈ నిర్ణయం చివరికి ఆవిడకే బరువవుతుంది. నాకైతే ఇది నచ్చలేదు.

ఆవిడను తీసుకుని మీరు నేరుగా సెవిల్ వెళ్లిపోవడం రెండో దారి. ఇందులో ఒక చిక్కుంది. మధ్యాహ్నం దాకా హోటల్ గది ఇవ్వరు. అప్పటిదాకా సామాన్లతో లాబీలో కూర్చోవాలి, అంటే బెంచీ మారిందంతే. పైగా ఒకసారి మీరు ఉండిపోతే ఇకముందు ప్రతి ప్రయాణంలోనూ ఉండిపోవాల్సింది మీరేనని స్థిరపడిపోతుంది. నాలుగు నెలల తర్వాత మీ లోపలి చిరాకు ఇంకేదో చిన్న విషయం మీద బయటపడుతుంది. ఆవిడే మనస్ఫూర్తిగా "నాకు ఊళ్లు వద్దమ్మా, నాతో ఉండు" అంటే అది వేరే మాట. అప్పుడు సంతోషంగా ఉండండి. కానీ ఆవిడను ఇంకా ఎవరూ సరిగ్గా అడగనేలేదు. ఆ సంగతికి వస్తాను.

మూడోది మీరు రాయలేదు, నేను కలుపుతున్నాను. సెవిల్‌లో ఒక రాత్రి తగ్గించి కోర్డోబాలో ఒక రాత్రి పడుకోవడం. దీనివల్ల లాభం పెద్దదే. మెస్కీతాలోకి సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం 8:30 నుంచి 9:30 వరకు టికెట్ లేకుండా వెళ్లొచ్చు. ఆ గంటలో టూరిస్టు గుంపులు ఉండవు, ఎండ కూడా ఎక్కి ఉండదు. మాడ్రిడ్ నుంచి ఏ రైలెక్కినా ఆ వేళకు చేరడం కష్టం, అక్కడ నిద్ర చేస్తేనే దొరికే గంట అది. నష్టం ఏమిటంటే, ఇంకోసారి పెట్టెలు విప్పి సర్దడం, ఇంకో హోటల్ ఖర్చు. పాతపేటలోని చిన్న హోటళ్లు చాలావరకు పాత ఇళ్లే, లిఫ్టు ఉందో లేదో ముందే కనుక్కోవాలి. సెవిల్ హోటల్ ఉచితంగా రద్దు చేసుకునే వీలుంటే దీని గురించి ఇద్దరూ కూర్చుని నిజంగా ఆలోచించండి.

ఆ వీలు లేదనుకుంటే నాలుగోది. ఒక్కరోజే, కానీ తొమ్మిది చోట్లు కాదు. నా మొగ్గు దీనివైపే. తొమ్మిదిలో ఏవి తీసేయాలో చెప్పే ముందు, ఉంచాల్సిన దాని గురించి చెప్పాలి. మీవారు దానికి యాభై నిమిషాలు కేటాయించారట. అది చదివి మీ మామగారి తరఫున నాకే బాధేసింది.

మెస్కీతా ఒక చుట్టు చుట్టి వచ్చేసే కట్టడం కాదు. డమాస్కస్‌ నుంచి ఏలిన తన వంశం దాదాపు అంతా హతమైతే పారిపోయి స్పెయిన్ చేరి రాజ్యం కట్టుకున్న మొదటి అబ్దుర్ రహమాన్ 785 ప్రాంతంలో దాన్ని మొదలుపెట్టాడు. తర్వాతి రెండు వందల ఏళ్లలో మూడుసార్లు పెంచారు. ఈరోజు 856 స్తంభాలు నిలిచి ఉన్నాయి. మొదట్లో వాడిన స్తంభాలు చాలావరకు పాత రోమన్ల, వాళ్ల తర్వాత స్పెయిన్ ఏలిన విసిగోతుల కట్టడాల నుంచి తెచ్చినవి. అందుకే ఒకటి పాలరాయి, పక్కది గ్రానైట్, పైన బోదెలు కూడా ఒకదానికొకటి పోలవు. ఆ స్తంభాలు పొట్టివి కాబట్టి కప్పు ఎత్తుకు లేవడానికి కమాను మీద కమాను, రెండు వరసలు కట్టారు. ఎర్ర ఇటుక ఒకటి, లేత రంగు రాయి ఒకటి, ఆ చారలు అలా వచ్చినవే. చివరగా పదో శతాబ్దపు ఆఖర్లో, అప్పట్లో రాజ్యాన్ని నడిపిన మంత్రి అల్ మన్సూర్ పెంచిన తూర్పు భాగంలో మాత్రం ఇటుక లేదు. రాయి మీద ఎర్ర రంగు పూశారంతే. మీ బాబుకు ఈ ఒక్క ముక్క చెప్పండి. ఏ కమాను ఇటుక, ఏది రంగు అని వెతుక్కుంటూ ఎంతసేపైనా విసుగు లేకుండా తిరుగుతాడు.

1236లో క్రైస్తవ రాజు మూడో ఫెర్నాండో ఊరు గెలుచుకోగానే అది చర్చి అయింది. 1523లో ఆ స్తంభాల నట్టనడుమ కొన్నిటిని పడగొట్టి పెద్ద కెథడ్రల్ కట్టడం మొదలైంది. ఊరి పాలకమండలి ఎదురు తిరిగి, పడగొట్టే పనికి వెళ్లిన కూలీకి మరణశిక్ష అని చాటింది. చివరికి చక్రవర్తి అయిదో చార్లెస్ బిషప్ పక్షం వహించాడు. ఇదంతా అక్కడ నిలబడి మనవలకు చెప్పాలని మీ మామగారికి ఎంత ఉంటుందో ఆలోచించండి. ఆయన ఒక జీవితకాలం పాఠం చెప్పిన మనిషి. ఆడియో గైడ్ అందరి చెవులకూ తగిలించకండి. ఒక అరగంట ఆయన్నే చెప్పనివ్వండి.

మీ అత్తగారికి కూడా ఆ తొమ్మిదిటిలో అన్నిటికన్నా అనువైన చోటు ఇదే. లోపల నేలంతా చదును, మెట్ల బెడద లేదు, బయట ఎంత ఎండ ఉన్నా లోపల చల్లగా, కాస్త మసకగా ఉంటుంది. నడుమ ఉన్న కెథడ్రల్ భాగంలో చెక్క బల్లలు వేసి ఉంటాయి. అక్కడ కూర్చున్న మనిషి ఊరికే కాపలా ఉన్నట్టు కాదు, పైకి చూస్తే కెథడ్రల్ కప్పు, పక్కకు చూస్తే కమానులు. బయట ఆవరణలో నారింజ చెట్లున్నాయి. ఆ ఆవరణకు టికెట్ అక్కర్లేదు. ఇక్కడ మొత్తం రెండున్నర గంటలు పెట్టుకోండి. ప్రార్థనాస్థలం కాబట్టి మగవాళ్లు లోపల టోపీ తీసేయాలి. మామగారు ఎండకు టోపీ పెట్టుకుంటే గుర్తుచేయండి.

ఇక తీసివేతలు. మదీనా అసహారాను మొదట కొట్టేయండి. మూడో అబ్దుర్ రహమాన్ 936 ప్రాంతంలో కట్టడం మొదలుపెట్టిన రాజనగరం అది, ఎనభై ఏళ్లు నిండకుండానే అంతర్యుద్ధంలో నాశనమైంది. గొప్ప చోటే. కానీ ఊరి నుంచి బస్సు, మ్యూజియం దగ్గర దిగి మళ్లీ ఇంకో చిన్న బస్సు, ఆపైన నీడ లేని కొండవాలు. పూటంతా దానికే పోతుంది. "మెస్కీతాలో రెండున్నర గంటలా, రెండూ హడావుడిగానా" అని మామగారినే అడగండి. ఆయనే వదులుకుంటారని నా నమ్మకం. కలాఓర్రా బురుజు పైకి మెట్లు, అల్కాసర్ బురుజులకూ మెట్లే. వియానా ప్యాలెస్ పన్నెండు పెరళ్లతో చాలా బాగుంటుంది కానీ మెస్కీతాకు దూరం, ఊరికి అటుపక్క. సినగాగు 1315 నాటిది, ఒక్క గది. మీ మామగారు, అమ్మాయి కలిసి యూదుల పేటలో నడిచేటప్పుడు పది నిమిషాల్లో చూసి వచ్చేయొచ్చు. అదే పేటలో మైమోనిడిస్ విగ్రహం ఉంది. ఆ మహా తత్త్వవేత్త, వైద్యుడు పుట్టింది ఈ ఊళ్లోనే. అక్కడి సన్న సందుల్లో నేలంతా గుండ్రాళ్లు పరిచి ఉంటుంది. అది మాత్రం మోకాళ్లకు శత్రువు, అత్తగారిని అటు నడిపించకండి.

ఆవిడ కోసమే చూడాల్సింది ఒకటి మీ షీట్‌లో లేనేలేదు. మెస్కీతాకు దగ్గర్లోనే శాన్ బసీలియో అనే పేట ఉంది. అక్కడి పాత ఇళ్లు మన మండువా లోగిళ్లలాంటివే. నడుమ ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ గదులు, ఒక మూల బావి. సున్నం కొట్టిన గోడల నిండా నేల నుంచి పైకప్పు దాకా పూలకుండీలు. పైనున్న కుండీలకు నీళ్లు పోయడానికి పొడవాటి వెదురుగడ చివర ఒక రేకు డబ్బా కట్టుకుంటారు. దాన్ని ఎత్తి, కుండీ మీద వంచి, ఒక్కో మొక్కకూ పోస్తారు. మే నెలలో జరిగే పెరళ్ల పండుగ 2012లో యునెస్కో జాబితాకెక్కింది. మీరు వెళ్లేసరికి పండుగ అయిపోతుంది. అయినా ఆ పేటలో కొన్ని పెరళ్లు మిగతా రోజుల్లో కూడా చూడనిస్తారు. వేళలు ముందే చూసుకోండి. నరసరావుపేటలో మేడమీద మొక్కలు పెంచుకునే మనిషని రాశారు కదా, ఆ డబ్బా గడ చూస్తే మీ అత్తగారు అడక్కుండానే నిలబడిపోతారు. టాక్సీలో పేట మొదట్లో దిగి, ఒకటి రెండు ఇళ్లు చూస్తే చాలు.

ఎండ సంగతి. "నరసరావుపేట వాళ్లం, మాకు ఎండ కొత్తా" అంటారు మీ మామగారు. అక్కడ ఎండ మన ఎండలా గడియారం పాటించదు. వేసవిలో స్పెయిన్ గడియారం సూర్యుడి కన్నా రెండు గంటలకు పైగా ముందుంటుంది. కోర్డోబాలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది మధ్యాహ్నం రెండుంబావు తర్వాత. వేడి ముదిరేది సాయంత్రం అయిదు, ఆరు మధ్య. "నాలుగయింది, ఇక చల్లబడుతుంది" అనుకుని బయటికి వస్తే సరిగ్గా మంటలోకి వచ్చినట్టే. 2021 ఆగస్టులో ఆ ఊరి విమానాశ్రయంలో 46.9 డిగ్రీలు నమోదైంది. జూన్ మొదట్లో అంత ఉండదు కానీ 35 దాటే రోజులు తక్కువేమీ కావు. మీవారి షీట్‌లో మూడున్నర నుంచి అయిదు దాకా నది ఒడ్డు, వంతెన, కోట ఉన్నాయి. ఆ వేళ అక్కడ నీడే ఉండదు.

అందుకే రైలు సంగతి ఒకసారి మార్చి ఆలోచించండి. అయిదున్నర రైలు రెండు విధాలా చెడ్డది. ఎండలో తిప్పి, చల్లబడే వేళకు ఊరు వదిలిపెట్టిస్తుంది. అయితే మూడున్నర, నాలుగుకే బయల్దేరండి, లేదంటే ఎనిమిది దాటాక. కోర్డోబా నుంచి సెవిల్‌కు ముప్పావుగంట ప్రయాణమే, రైళ్లు బాగానే ఉన్నాయి. జూన్‌లో అక్కడ సూర్యాస్తమయం రాత్రి తొమ్మిదిన్నర తర్వాత. ఏడింటికి గ్వాదల్కివీర్ నది మీది వంతెన దగ్గరికి వెళితే ఎండ కాస్త మెత్తబడి, వంతెన మీద జనం మెల్లగా మూగుతుంటారు. ముందు రైలైతే అందరూ అలసిపోకుండా సెవిల్ చేరతారు కానీ శాన్ బసీలియో గానీ వంతెన గానీ వదులుకోవాలి. ఎనిమిది దాటాక రైలైతే మధ్యలో మూడు గంటలు ఏసీ ఉన్న చోట కూర్చోవాలి. భోజనం ఆలస్యంగా, నిదానంగా చేస్తే అందులో చాలాభాగం గడిచిపోతుంది. అక్కడ భోజనం వేళ రెండు నుంచి నాలుగు దాకా. నాలుగు దాటితే చాలాచోట్ల వంటిల్లు మూసేసి మళ్లీ రాత్రి ఎనిమిదికే తెరుస్తారు. కాబట్టి "ఇంకొకటి చూసి తిందాం" అన్నవాళ్ల మాట వినకండి.

టికెట్ తీసేటప్పుడు ఒక జాగ్రత్త. మాడ్రిడ్ నుంచి సెవిల్‌కు ఒకే టికెట్ తీసుకుని మధ్యలో దిగి మళ్లీ ఎక్కడం కుదరదు. మాడ్రిడ్–కోర్డోబా, కోర్డోబా–సెవిల్ విడివిడిగా తీయాలి. రెండోది కాస్త ఎక్కువైనా మార్చుకునే వీలున్నది తీసుకోండి. ఆ రోజు ఎవరికి ఏం బాగోకపోయినా ముందు రైలెక్కేయొచ్చు. అరవై దాటినవాళ్లకు రాయితీ కార్డు ఉంది, మీ అత్తమామలకు అడగండి. నడవడం కష్టమైనవాళ్లకు స్టేషన్లో ఉచితంగా సహాయకులను ఇస్తారు, ముందుగా చెప్పి ఉంచాలి. ఈ హై స్పీడ్ రైళ్లు ఎక్కే ముందు సామాను స్కానింగ్ ఉంటుంది, చివరి నిమిషంలో పరుగెత్తితే ఎక్కనివ్వరు. పెద్ద పెట్టెలు లాకర్లో పెట్టడానికి ముందే చోటు చూసుకోండి. మామూలు టాక్సీలో నలుగురికి మించి ఎక్కించుకోరు, మీరు ఆరుగురు. రెండు టాక్సీలు పడతాయి. అత్తగారు ఎక్కిన టాక్సీలో మీవారు ఉండాలి.

తిండి గురించి మీరు పడుతున్నంత భయం అక్కర్లేదు. వంకాయ ముక్కలు పల్చగా కోసి కరకరలాడేలా వేయించి పైన చెరకు పాకం పోసిస్తారు, ఆ ఊరి ప్రత్యేకత. గుడ్డు తగలకుండా చేస్తారో లేదో అడగండి. టమాటా, రొట్టె, వెల్లుల్లి, ఆలివ్ నూనె కలిపి రుబ్బిన సల్మొరేహో చల్లగా ఇస్తారు. పైన ఉడికించిన గుడ్డు, పంది మాంసం ముక్కలు చల్లుతారు కాబట్టి అవి లేకుండా తెమ్మని గట్టిగా చెప్పాలి. బంగాళదుంప అట్టు అని బొమ్మ చూసి మోసపోకండి, అందులో గుడ్డు ఉంటుంది. మాంసం వద్దంటే చేప వేసి తెచ్చే హోటళ్లున్నాయి, "చేప కూడా వద్దు" అని విడిగా చెప్పండి. పులిహోర పట్టుకెళ్లండి, రైల్లో తినొచ్చు. ఆవిడకు కడుపు నిండితే మిగతా రోజు సగం సాఫీగా పోతుంది. మెస్కీతా చుట్టుపక్కల కొందరు ఆడవాళ్లు రోజ్‌మేరీ రెమ్మ చేతిలో పెట్టి, చెయ్యి పట్టుకుని జోస్యం చెప్పి డబ్బు అడుగుతారు. ఆకు ఇస్తే ప్రసాదమనుకుని మీ అత్తగారు భక్తిగా అందుకునే ప్రమాదం ఉంది. ముందే చెప్పి ఉంచండి.

ఇప్పుడు మీ గంట గోపురం. దానికి టికెట్ వేరు, అరగంటకో గుంపు చొప్పున వేళ ఇస్తారు. మెట్లు చాలానే. ఎక్కితే మెస్కీతా కప్పులు, నది, ఊరు అన్నీ కాళ్ల కింద కనిపిస్తాయి. పారిస్ మళ్లీ జరిగితే జరిగేది సరిగ్గా ఇక్కడే, కొందరు పైకి, ఒకరు కింద. ఆ అరగంటకు షీట్‌లో మీవారి పేరు రాయండి. కింద నారింజ చెట్ల నీడలో తల్లీ కొడుకూ కూర్చుంటారు. మీరు, మీ అమ్మాయి పైకి వెళ్తారు. ఇందులో మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఒక విషయం ఆలోచించండి. వచ్చిన దగ్గర్నుంచి మీ అత్తగారు కొడుకుతో ఒంటరిగా కూర్చుని మాట్లాడింది ఎప్పుడు? మీ ఉత్తరం నిండా ఆయన ఆఫీసు కాల్సే ఉన్నాయి. ఆ అరగంట ఆవిడకు మీరందరూ కలిసి ఇచ్చే దానికన్నా విలువైనది కావచ్చు.

మీవారితో మాట్లాడటం గురించి. పెద్దవాళ్ల ముందు వద్దు, షీట్ తెరిచి ఉన్నప్పుడు కూడా వద్దు. "నీ ప్లాన్ బాలేదు" అంటే ఆయన దాన్ని కాపాడుకోవడానికి దిగుతాడు. నాన్న కోసం కష్టపడి చేసిన పని అది, దాని వెనక ప్రేమ ఉంది. "మళ్లీ వస్తామా" అన్న ఆయన మాట కూడా తప్పు కాదు. ఈ వయసులో మీ అత్తమామలు మళ్లీ అంత దూరం వస్తారో రారో. సరిగ్గా ఆ మాట పట్టుకునే మాట్లాడండి: "మళ్లీ రాకపోవచ్చు కదా, అందుకే మామయ్య ఆ మసీదులో తనివితీరా ఉండాలి. గడియారం చూసుకుంటూ లాక్కుపోతే ఆయనకు ఏం మిగులుతుంది? తొమ్మిదిలో మూడు నువ్వే ఎంచు." ఎంచే పని ఆయనకే వదలండి. ఆయన ఎంచినవి నేను చెప్పినవి కాకపోవచ్చు, ఫరవాలేదు. పారిస్ మాట ఎత్తాల్సి వస్తే నిందలా కాకుండా ఒక్కసారి చెప్పి ఆపేయండి: "బంధువుల మాటలు నాకు చాలా బాధేశాయి. ఈసారి అత్తయ్య పక్కన వంతులవారీగా ఉందాం." ఆ మాటలు మిమ్మల్ని ఎంత కుదిపాయో ఆయనకు తెలుసని మీరు అనుకుంటున్నారు, ఉత్తరం చూస్తే తెలియదనే నాకనిపిస్తోంది.

ఒకవేళ ఆయన ససేమిరా అంటే, తొమ్మిదీ ఆయన, మామగారు, అమ్మాయి తిరగనివ్వండి. మెస్కీతా మాత్రం ఆరుగురం కలిసి, తర్వాత మేం ముగ్గురం మా దారిన అని ముందే ఒప్పందం చేసుకోండి. అప్పుడు మీకు శాన్ బసీలియో, నిదానమైన భోజనం, నాలుగు గంటల రైలు. రెండు బృందాలు రెండు రైళ్లలో సెవిల్ చేరినా కొంప మునగదు. ఈ దారిలో గోపురం మీకు దక్కాలంటే మెస్కీతా నుంచి విడిపోక ముందే ఎక్కేయాలి.

మీ అత్తగారిని ఎలా అడగాలో చెప్పి ముగిస్తాను. "నడవగలరా అత్తయ్యా?" అని అడిగితే వచ్చే జవాబు మీకు తెలుసు, "నా గురించి ఆలోచించకండి." ఆ తరం ఆడవాళ్లకు తమకేం కావాలో చెప్పే అలవాటు లేదు. కాబట్టి ఉన్న రెండిటిలో ఒకటి ఎంచుకోమనండి. "పొద్దున కమానుల గుడి చూస్తాం, మధ్యాహ్నం పూలకుండీల ఇళ్లున్నాయి. రెండూ వస్తారా, ఒకటి చూసి హాయిగా కూర్చుంటారా?" అని అడగండి. ఫొటోలు చూపించి అడగండి. చక్రాల కుర్చీ మాట మీరు ఎత్తకండి, కోడలు అంటే ఆవిడ మనసు కష్టపెట్టుకోవచ్చు, మామగారి చేత అనిపించండి. చేతికర్రలా ఉండి విప్పితే పీటయ్యేవి దొరుకుతాయి, మ్యూనిక్‌లోనే ఒకటి కొనండి. ఫోన్లో యూరప్ అంతా పనిచేసే నెట్ వేయించి, మీ నంబరు ఒక్క నొక్కుతో కలిసేలా పెట్టండి. ఏ చోట కూర్చున్నా ముందు బాత్రూమ్ ఎటో చూపించి, వచ్చే వేళ అసలు కన్నా పావుగంట ఎక్కువ చెప్పండి. ఇంతా చేసి "నాకు ఓపిక లేదమ్మా, మీరే వెళ్లిరండి" అంటే ఆ మాటను గౌరవించండి, బలవంతం చేయకండి. ఆ రోజు సాయంత్రం నరసరావుపేట బంధువులకు వీడియో కాల్ మాత్రం మీవారినే చేయమనండి, ఫోన్ తల్లి చేతికిచ్చి.